తాటిబెల్లం మండలి వారి మధ్యశ్రేణి ల్యాప్‌టాప్

తాటిబెల్లం అభివృద్ధి మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ డిసెంబరు పదకొండున, భోజన విరామానికి సరిగ్గా పది నిమిషాల ముందు కన్నుమూసింది. అంతకు ముందు వారం రోజులుగా అది దగ్గుతూనే ఉంది. సీనియర్ అసిస్టెంటు హైమావతి ఆ సంగతి మూడుసార్లు నోటు రాసి పైకి పంపింది. మొదటి నోటు 'చూడడమైనది' అనీ, రెండోది 'చర్చించండి' అనీ తిరిగొచ్చాయి. మూడోదాని మీద 'ఇంకా పనిచేయుచున్నదా?' అని రాసి ఉంది. అది చేతికందేసరికి కంప్యూటర్ పనిచేయడం మానేసింది.

కంప్యూటర్ పోయినందుకు ఆఫీసులో ఎవరూ పెద్దగా బాధపడలేదు. సూపరింటెండెంటు జోగారావుకైతే ప్రాణం కాస్త తెరిపిన పడినట్టయింది. గుండెలో రాయి పడింది హైమావతికొక్కదానికే. ఆమె బల్ల సొరుగులో అరవై నాలుగు పేర్ల జాబితా ఉంది మరి.

ఆ పేర్లు తాటిచెట్లెక్కి నీరా దించే గీత కార్మికులవి. చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే రక్షణ బెల్టులు ఇస్తామని రాజధానిలోని ప్రధాన కార్యాలయం ప్రకటించింది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది సాయంత్రం ఐదింటిలోగా వెబ్‌సైటులో పేరు నమోదైతే బెల్టు వస్తుంది. లేకపోతే మళ్ళీ ఏడాది దాకా దేవుడే దిక్కు. జాబితాలో ఆఖరి పేరు సూరన్నది. నిరుడు ఎండాకాలం సూరన్న యాభై అడుగుల చెట్టు మీంచి పడ్డాడు. ఇసుక నేల కాబట్టి బతికాడు. విరిగిన కాలికి కడ్డీ వేశారు, అతుక్కుంది, కాకపోతే రెండో కాలికంటే కాస్త పొట్టిదయింది. వేరే పని రాదు కాబట్టి ఆ కాలుతోనే మళ్ళీ ఎక్కుతున్నాడు.

ప్రతి సోమవారం అతను ఆఫీసు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడి, బెల్టులొచ్చాయాండీ అమ్మగారూ అని అడిగేవాడు. వస్తాయి సూరన్నా అనేది హైమావతి. ఆ రోజు ఆమెకు డబ్బాలో అన్నం సయించేది కాదు.

ఎదురుగా రోడ్డు దాటితే నెట్‌సెంటరుంది. అక్కడ కూర్చుని గంటలో ఎక్కించేసి వస్తానని ఆమె ప్రాంతీయాధికారి వైకుంఠరావు గారిని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, కార్మికుల పేర్లు గోప్యమైన సమాచారమనీ, కార్యాలయం గడప దాటరాదనీ సెలవిచ్చారు. ఆ అరవై నాలుగు పేర్లూ అభ్యంతరాల కోసం ఆఫీసు బయట గోడకు అంటించి అప్పటికి నెలయింది. వాటి మీద ఒక మేక కూడా కొంత అభ్యంతరం తెలిపింది.

వైకుంఠరావు గారి గురించి ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే సర్వీసు మొదట్లో ఒక చవక ఫ్యాను కొని, అది ఊడి ఖాళీ కుర్చీలో పడితే మెమో తిన్నారు. దాని బదులు మంచి ఫ్యాను కొంటే, ఇంత మంచిది దేనికని ఇంకో మెమో వచ్చింది. ఆ రోజు నుంచి ఆయనకు పైదన్నా భయమే, కిందిదన్నా భయమే. టీ కూడా గోరువెచ్చగా తాగేవారు. ఇంకో అలవాటు, తేదీ వేయకుండా ఆయన ఎక్కడా పొడి సంతకం పెట్టరు. పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా మూల మీద సంతకం, దాని కింద తేదీ పడాల్సిందే. ఒకసారి అన్నవరం ప్రసాదం పొట్లం మీద కూడా వేసి జోగారావుకు మార్కు చేశారు.

జనవరి మూడో వారంలో ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులర్ దిగింది. 'ప్రతి ప్రాంతీయ కార్యాలయము మధ్యశ్రేణి ల్యాప్‌టాప్ ఒకటి ఎంపిక చేసుకొని, కార్యాలయ అవసరములకు తగురీతిని మార్పుచేర్పులు గావించుకొనవలెను' అని అందులో ఉంది. మధ్యశ్రేణి అన్న మాట దగ్గర వైకుంఠరావు గారి కళ్ళు చెమర్చాయి. ముప్పై ఏళ్ళుగా తాను మనసులో అనుకుంటున్న దాన్ని ప్రభుత్వం ఇన్నాళ్ళకు కాగితం మీద పెట్టింది. ఆయన వెంటనే కమిటీ వేశారు. తాను అధ్యక్షుడు, జోగారావు సభ్యుడు, హైమావతి కన్వీనరు. కన్వీనరంటే మిగతా ఇద్దరూ మాట్లాడేది రాసే మనిషి.

కమిటీ ఆఫీసు జీపులో బజారుకు వెళ్ళి మస్తాన్ వలీ కొట్లో దిగింది. మస్తాన్ ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు అమ్ముతున్నవాడు, నోరు మంచిది, ఓపిక ఇంకా మంచిది. కుర్చీలు వేసి, సోడాలు తెప్పించి, ఇంతకీ ఏం పనికండీ అని అడిగాడు. జోగారావు నొచ్చుకున్నాడు. కొనుగోలుకూ వాడకానికీ ఏం సంబంధమని, అవి రెండూ వేర్వేరు ఫైళ్ళని వివరించాడు. ఒక జాబితా ఎక్కించాలండీ, అంతే, అని హైమావతి మెల్లగా అంది. ఆ మాట కమిటీ పరిధిలోకి రాదని అధ్యక్షులు నిర్ణయించారు. అది కూడా ఆమే రాసుకుంది.

మస్తాన్ తొమ్మిది రకాలు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చాడు. వైకుంఠరావు గారు రెండు పక్కల నుంచీ లెక్కపెట్టి ఐదో దాని మీద వేలు పెట్టారు. అయితే ఏ వరస ప్రకారం ఐదోది అని జోగారావుకు ధర్మసందేహం వచ్చింది. మస్తాన్ వాటిని పనితనం ప్రకారం పేర్చాననబోయాడు గానీ, పనితనం చూసి వరస పెట్టడం మన పద్ధతి కాదని, సీనియారిటీ ప్రకారమే పెట్టాలని జోగారావు పట్టుబట్టాడు. కాబట్టి ఏది కొట్టుకు ముందు వచ్చిందో చూసి మళ్ళీ పేర్చారు. ఈసారి ఐదో స్థానంలో ఇంకోటి వచ్చింది. మంచి సరుకేనండీ అన్నాడు మస్తాన్ ఆశ్చర్యపోతూ. ఆ మాట వినగానే అధ్యక్షులు కంగారుపడ్డారు. మరీ మంచిది కాదులెండి అని అతను సర్దిచెప్పాక శాంతించారు.

ర్యామ్ ఎనిమిదీ, పదహారూ, ముప్పై రెండూ ఉన్నాయంటే క్షణం ఆలోచించకుండా పదహారన్నారు. రంగు నలుపూ తెలుపూ కాకుండా బూడిదరంగు తీసుకున్నారు. తెర వెలుగు సగానికి, శబ్దం సగానికి పెట్టించారు. మూత పూర్తిగా తెరవకూడదనీ, పూర్తిగా మూయకూడదనీ మినిట్స్‌లో రాయించారు. బ్యాటరీ ఎప్పుడూ యాభై శాతం దగ్గరే ఉండాలనే నియమం వచ్చింది. యాభై ఒకటి అయితే వాడి తగ్గించాలి, నలభై తొమ్మిది అయితే ఎక్కించాలి. ఈ పని ఎవరు చూస్తారని మస్తాన్ అడిగితే ఇద్దరూ కన్వీనరు వైపు చూశారు.

ఆ రోజే ఇచ్చేస్తే పట్టుకుపోయి జాబితా ఎక్కించేద్దును కదా అని హైమావతి పైటకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఎంపిక అయింది సరే, సర్క్యులర్‌లో రెండో ముక్క మిగిలే ఉంది కదా అన్నారు వైకుంఠరావు గారు. మార్పుచేర్పులకు మూడు సమావేశాలు పట్టాయి.

మొదటి సమావేశంలో జోగారావు మీటల పలక మీద అభ్యంతరం లేవదీశాడు. రాసింది చెరిపేసే మీటలు రెండు అందులో ఉన్నాయి. ప్రభుత్వ రికార్డులో రాసింది చెరపడమంటే ఉద్యోగం ఊడే నేరం, తప్పు రాస్తే అడ్డంగా గీత కొట్టి పక్కన పొడి సంతకం చేయాలి, అంతేగాని మాయం చేసేస్తామంటే ఎలాగని అతను వాదించాడు. వాదనలో పస ఉందని అధ్యక్షులు ఒప్పుకున్నారు. మస్తాన్ నోరు వెళ్ళబెట్టి, తర్వాత స్క్రూడ్రైవరు తెచ్చి, ఆ రెండు మీటలూ పీకి కవరులో వేసి రసీదు తీసుకున్నాడు. ఇక మీదట హైమావతి ఒక్క అక్షరం తప్పు కొట్టడానికి వీల్లేదు.

రెండో సమావేశంలో యంత్రానికి టేకు పెట్టె మంజూరైంది. ఇత్తడి తాళం, మండలి గుర్తు చెక్కిన మూత, లోపల రబ్బరు ముద్ర పెట్టుకునే గూడు, ఇంకుప్యాడుకు వేరే గూడు. అధికారి కుర్చీకి టవలున్నప్పుడు అధికారి యంత్రానికి ఎందుకుండకూడదని పైన పరచడానికి ఒక తెల్ల టవలు కూడా. వడ్రంగి దాన్ని మా పిల్లకి పెట్టిన బీరువా కన్నా ముచ్చటగా చేశానని చెప్పుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని పనిచేసుకునే యంత్రాన్ని నలుగురు మనుషులు ఊపిరి బిగబట్టి మెట్లెక్కించారు.

ఎక్కడ పెట్టాలన్నది మూడో సమావేశం. మధ్యశ్రేణి యంత్రం హాలుకు సరిగ్గా మధ్యలో ఉండాలన్నది ఏకగ్రీవం. టేపు పెట్టి కొలిచారు. ఆ ఆఫీసు పూర్వం బెల్లం గోదాము, పాకం కారితే పోవడానికి నేలంతా నడిమి తూము వైపు వాలుగా ఉంటుంది. సరిగ్గా ఆ తూము పక్కనే బల్ల వేశారు. పెట్టె తలవంచి నమస్కారం చేస్తున్నట్టు ముందుకు వాలి నిలబడింది. కింద రెండు అట్టముక్కలు పెడదామంటే, వాటికి సర్క్యులర్‌లో అవకాశం లేదన్నారు.

ఇదంతా అయ్యేసరికి ఫిబ్రవరి పద్నాలుగు వచ్చింది. ఆ ఉదయం పూజ చేశారు. కొబ్బరికాయ కొట్టి, పెట్టె నాలుగు మూలల కింద నిమ్మకాయలు పెట్టారు. యంత్రానికి కుంకుమబొట్లు పెట్టే హడావుడిలో పక్కనున్న ఇయర్‌ఫోన్ కన్నం ఒకటి పూడిపోయింది. తర్వాత తాళం మాటలు పెట్టే ఘట్టం. ఫైలు కింది నుంచి పైకి ఎలా నడుస్తుందో యంత్రం కూడా అలాగే తెరుచుకోవాలి కాబట్టి మూడు పాస్‌వర్డులు. ముందు హైమావతి, ఆ పైన జోగారావు, ఆ పైన వైకుంఠరావు గారు. ముగ్గురూ ఒకరికొకరు కనపడకుండా టవలు అడ్డం పెట్టుకుని కొట్టారు. యంత్రం తెరుచుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు, మిఠాయిలు పంచారు, మూసేశారు. ముహూర్తం రోజున పని మొదలుపెడితే బాగుండదని జాబితా మర్నాటికి వాయిదా పడింది.

మర్నాడు హైమావతి పాస్‌వర్డు కొట్టింది, సరే అంది యంత్రం. జోగారావు కొట్టాడు, సరే అంది. వైకుంఠరావు గారు కొట్టారు, తప్పు అంది. ఆయన మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పే. మస్తాన్‌ను పిలిపిస్తే, మీరు పెట్టింది ఇది కాదేమో గుర్తుతెచ్చుకోండి సార్ అన్నాడు. ఆయన ముఖం కందగడ్డయింది. ముప్పై ఏళ్ళుగా ఏ ఖజానాలోనూ తిరిగి రాని సంతకాన్ని తప్పంటుందా అని యంత్రం మీద వివరణ కోరుతూ నోటు పెట్టారు. అందులో ఉన్నదంతా చెరిపేసి అరగంటలో కొత్తగా చేసిస్తానన్నాడు మస్తాన్. చెరపడం అనే మాట వినపడగానే జోగారావు చెవులు మూసుకున్నాడు. దానికి ప్రధాన కార్యాలయం అనుమతి కోరుతూ ఉత్తరం వెళ్ళింది. అధికారి పాస్‌వర్డును ఎవరు మార్చారో తేల్చడానికి విచారణ కమిటీ వేశారు. దానికీ హైమావతే కన్వీనరు.

ఈలోగా రెండు సోమవారాలు గడిచాయి. రెండో సోమవారం సూరన్న గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడి, పెట్టె వంక చూసి, అడగాల్సింది అడక్కుండానే వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది హైమావతికి. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఇరవై ఏడో తారీఖున ఆమె విచారణ కాగితాలు సంతకానికి పెట్టింది. వైకుంఠరావు గారు పొడి అక్షరాలు గీకి, కింద 27-2 అని వేశారు. ఆమె ఆ అంకెల వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా, పాస్‌వర్డు పెట్టిన రోజు పేరు కింద తేదీ కూడా కొట్టారాండీ అని అడిగింది. కొట్టకుండా ఎలా ఉంటానమ్మా అన్నారాయన. మరి తర్వాత రోజుల్లో? ఏ రోజుకారోజు తేదీ వేస్తూనే ఉన్నాను కదా అన్నారు.

హైమావతికి ప్రాణం లేచొచ్చింది. ఏమీ లేదండీ, మళ్ళీ ఒక్కసారి పద్నాలుగో తారీఖు వేసి కొట్టండి, తెరుచుకుంటుంది అంది.

వైకుంఠరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆమె అంతటి మనిషి తనను ఇలాంటి మాట అడుగుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదని ముఖమే చెబుతోంది.

"ఇరవై ఏడో తారీఖున కూర్చుని పద్నాలుగో తారీఖు వేయమంటారా? పాత తేదీ వేసి సంతకం చేయడాన్ని నిబంధనల్లో ఏమంటారో మీకు తెలియదా హైమావతి గారూ? నా సర్వీసులో ఆ మచ్చ లేదు."

అది సంతకం కాదనీ, యంత్రానికి తేదీలతో పనిలేదనీ ఆమె చెప్పిచూసింది. ఆయన వినలేదు. పైగా వచ్చే ఏడాది ఫిబ్రవరి పద్నాలుగున యంత్రం నియమబద్ధంగా తెరుచుకోగలదని ఆయనకు ధైర్యం కలిగింది. ఆ రోజున సిబ్బంది ఎవరూ సెలవు పెట్టరాదని అప్పటికప్పుడు ఉత్తర్వు తయారు చేయించారు.

ఇరవై ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం హైమావతి తలనొప్పని అరపూట సెలవు చీటీ రాసింది. సెలవులో ఉన్న మనిషి చేసేది ఆఫీసు పని కాదు. గోడ మీద అంటించిన కాగితాన్ని, మేక తినగా మిగిలినదాన్ని, ఆఫీసు బయట నిలబడే ఊడదీసుకుంది. కాబట్టి గడప దాటి ఏ రహస్యమూ వెళ్ళలేదు. మేక తిన్న పదకొండు పేర్లూ ఆమెకు కంఠస్థమే. రోడ్డు దాటి, నెట్‌సెంటర్‌లో తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెరిపే మీటలు రెండూ ఉన్న యంత్రం మీద హాయిగా తప్పులు కొడుతూ, దిద్దుకుంటూ, నాలుగూ నలభైకి సూరన్న పేరు ఎక్కించింది. అన్నీ నమోదైనట్టు తెర మీద పచ్చగా వచ్చింది. ఆమె అక్కడే కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచి పెరుగన్నం మొత్తం తినేసింది.

మార్చి రెండో వారంలో బెల్టులు వచ్చాయి. మూటలు విప్పి లెక్కపెడితే సరిగ్గా అరవై నాలుగు. అవి చూసి వైకుంఠరావు గారు పొంగిపోయారు. ల్యాప్‌టాప్ వచ్చిన నెలలోనే ఇంతటి ఫలితం రావడం మధ్యశ్రేణి విధానపు ఘనవిజయమని ప్రధాన కార్యాలయానికి నివేదిక రాయించారు. అక్కడి నుంచి అభినందన పత్రం వచ్చింది. మిగతా ప్రాంతీయ కార్యాలయాలు వచ్చి ఈ యంత్రాన్ని చూసి నేర్చుకోవాలని అందులో ఉంది. మీటలు పీకిన కవరును కూడా ప్రదర్శనకు పెట్టారు.

సందర్శకులు వచ్చే ముందురోజు జోగారావు పెట్టెను తుడుస్తూ ఒక సంగతి గమనించాడు. నిమ్మకాయలు కుళ్ళి మెత్తబడ్డాయి, పెట్టె వాలులో జానెడు దూరం జారి బల్ల అంచుకు వచ్చింది. అతను ఇటూ అటూ చూశాడు. మూలన బెల్టుల మూట కనపడింది. అన్నిటికన్నా అడుగునున్న బెల్టు తీసి, పెట్టె చుట్టూ తిప్పి, బల్ల వెనక కాలికి బిగించి కట్టాడు. 'యంత్ర రక్షణ నిమిత్తము ఒకటి' అని స్టాకు రిజిస్టరులో రాసి వైకుంఠరావు గారి ముందు పెట్టాడు. ఆయన సంతకం చేసి తేదీ వేశారు.

పంపకం రోజున ఒక్కొక్కరే వచ్చి బెల్టు నడుముకు పెట్టి చూసుకుని, నవ్వుకుంటూ వెళ్ళారు. అరవై మూడుతో మూట ఖాళీ అయింది. సూరన్న వరసలో ఆఖరివాడు. హైమావతి మూట దులిపింది, బల్ల కింద చూసింది. జోగారావు గొంతు సవరించుకుని, ఒకటి ప్రభుత్వ ఆస్తి రక్షణకు వినియోగించడమైనదనీ, అతని పేరు వచ్చే ఏడాది ప్రాధాన్యతా క్రమంలో మొదట ఉంటుందనీ చెప్పాడు.

సూరన్న తిరిగి పెట్టె వంక చూశాడు. కొత్త పసుపుపచ్చ బెల్టు దాని నడుము చుట్టూ బిగుతుగా ఉంది. మొదటిసారి గడప దాటి, కుంటుకుంటూ లోపలికి వచ్చి, బల్ల పక్కన నిలబడి చేత్తో ఎత్తు కొలిచాడు.

"మూడడుగులుంటదేమోనండీ అమ్మగారూ. పడితే ఈ మూడడుగులే కదండీ పడుద్ది."

అతను ఎత్తిపొడుపుగా అనలేదు. కనపడింది చెప్పాడు, అంతే. జోగారావు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

హైమావతి లేచింది. టవలు తీసి నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచింది. కొక్కెం నొక్కింది. బెల్టు ఊడి చేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని సూరన్న నడుముకు తనే చుట్టి, రెండుసార్లు లాగి చూసి, బిగువు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందండీ అన్నాడు. అతను గుమ్మం దాటి రోడ్డెక్కే దాకా చూస్తూ నిలబడింది. వెనకాల టేకు పెట్టె తీరుబడిగా, ఎవరి అనుమతీ కోరకుండా, బల్ల అంచు మీంచి జారి, తూము పక్కన పెద్ద చప్పుడుతో పడింది.

వైకుంఠరావు గారు గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. పెట్టె నాలుగు చెక్కలైంది, ఇంకుప్యాడు దూరంగా దొర్లింది. మధ్యలో ల్యాప్‌టాప్ చెక్కుచెదరకుండా మూడో పాస్‌వర్డు అడుగుతోంది. ఇది ఎలా పడిందో తక్షణం లిఖితపూర్వకంగా వివరణ కావాలన్నారాయన.

హైమావతి తన బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం తీసుకుంది. 'యంత్రము మూడడుగుల ఎత్తు నుండి పడినది. ఆ సమయమున దానికి బెల్టు లేదు. బెల్టు యాభై అడుగుల ఎత్తునకు వెళ్ళియున్నది' అని రాసింది. ఒకసారి చదువుకుని, ఎక్కడా కొట్టివేతలు లేవని చూసుకుని, కింద సంతకం చేసింది. తేదీ వేసింది.